బురుజు కింద నిలబడ్డ స్నేహితురాలు

ఇటలీలోని బొలోన్యాలో నా హోటల్లో, ఊరి పాత బురుజు కనబడే కిటికీ పక్క బల్ల దగ్గర, పెరూ నుంచి చదువుకోడానికొచ్చిన ఇనేస్, మా ఊరి పిల్ల ఓర్నెల్లా మాంసం కూరిన పిండి ముద్దల టోర్టెల్లినీ చారు తింటున్నారు.

"నిన్న బురుజెక్కానని చెబితే నేను అద్దెకుంటున్న ఇంటి ఓనరమ్మ గుండెల మీద సిలువ గీసుకుందే. డిగ్రీ పట్టా రాకముందు ఎక్కినోళ్లకి ఇంక పట్టానే రాదంటగా?"

"అవన్నీ ముసలమ్మల మాటలే, ఇనేస్! పైనుంచి ఊరు ఎంత బాగుందో చూశావుగా."

"చూశా. కింద నువ్వు చీమంత కనబడ్డావు. నువ్వెందుకెక్కలేదు?"

"మోకాలు నొప్పని చెప్పాగా."

"మొన్న మీ అక్క పెళ్లిలో చిందులేసిన మోకాలేనా?"

"ఏంటే, నన్నే అనుమానిస్తున్నావా?"

"ప్రొఫెసర్ గారి దగ్గరున్నది ఒక్కటే ఉద్యోగం. వచ్చే వారం పరీక్షలో మనిద్దరిలో ఎవరు నెగ్గితే వాళ్లదే. అందుకేనా నన్ను పైకి పంపావు?"

"పిచ్చిదానా! రాళ్లకీ మార్కులకీ సంబంధమేంటే?"

"అయితే లే. టికెట్టు నేను కొంటా. ఇప్పుడే ఎక్కి రా."

ఓర్నెల్లా చెంచా కింద పెట్టలేదు. కిటికీలోంచి బురుజు వైపు ఒకసారి చూసింది.

"చారు చల్లారిపోతోందే," అంది.

"తాగు తల్లీ. ఇకమీదట ఈ ఊళ్లో ఏం చూడాలన్నా నేనొక్కదాన్నే పోయి చూసుకుంటాలే."