బాతులు వాలిన పిస్తోలు

ఏటా ఏప్రిల్ మొదటి శనివారం పొద్దున లానీ తన తుపాకుల కొట్టు వెనక గదిలో పొడుగాటి బల్ల మీద పాత కంబళి పరిచి, బాగుచేసిన పిస్తోళ్ళకి పోటీ పెడతాడు. నియమాలు రెండే. పిస్తోలు వంద డాలర్ల లోపు కొన్నదై ఉండాలి. దాన్ని బాగుచేసి మెరుగుపెట్టింది సొంత చేతులై ఉండాలి. గెలిచినవాళ్ళకి లానీ వాళ్ళమ్మ ఉప్పులో ఊరేసి పొగబెట్టిన పంది తొడ ఇస్తారు. ఆ తొడ కోసం అన్నదమ్ములు మాటలు మానేసిన ఇళ్ళు ఆ కెంటకీ కొండల్లో ఉన్నాయి.

ఇరవై రెండేళ్ళలో గార్లండ్ దాన్ని తొమ్మిదిసార్లు ఇంటికి తీసుకుపోయాడు. అడిగితే మాత్రం పదిహేడంటాడు. కోతలు కొయ్యడంలో అతన్ని మించినవాడు ఆ జిల్లాలో లేడు. అలాంటివాడికి నవంబరులో పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది, దాంతో పాటు మాటా పడిపోయింది. మూడు నెలలు నోరు పెగల్లేదు. మాట తిరిగి వచ్చాక నలుగురిలోకి రావడం ఇదే మొదటిసారి. అతని భార్య గ్లెన్నా పక్క కుర్చీలో కూర్చుని, చల్లారిపోయిన కాఫీ కప్పుని రెండు చేతులతో పట్టుకుని ఉంది. మాట తడబడినా మధ్యలో అందించొద్దని ఆస్పత్రిలో మాటలు నేర్పే అమ్మాయి మరీ మరీ చెప్పింది.

"అది నా దగ్గరికొచ్చినప్పుడు చూడాల్సిందిరా మీరు," అన్నాడు గార్లండ్ కంబళి మీది తన పిస్తోలు చూపిస్తూ, నిదానంగా, ఒక్కో మాటా కూడదీసుకుంటూ. "తాకట్టు కొట్టువాడు డెబ్భై డాలర్లకి అంటగట్టాడు. తుప్పంటే అంతా ఇంతా తుప్పా! ఎవడో చెరువులోంచి తీసి, నచ్చక మళ్ళీ చెరువులోనే పారేసినట్టుంది. నేనేం చేశాను? విప్పదీసి గరుకు కాగితం పట్టాను. నాలుగొందల నంబరు, ఆరొందలు, వెయ్యి, రెండువేలు. అంతకన్నా నున్ననిది కొట్లో దొరకదు. ఆ తర్వాత ఏం చేశానో తెలుసా? గ్లెన్నా పెళ్ళి గౌను పట్టు అంచు చింపి, దాంతో పదకొండు రోజులు రుద్దాను."

అక్కడ ఆగి ఆర్విల్ వైపు చూశాడు.

ఆర్విల్ అతని ఈడువాడే. ఇద్దరూ కలిసి బడికెళ్ళారు, కలిసి బొగ్గు గనిలోకి దిగారు. ఇరవై రెండేళ్ళుగా సరిగ్గా ఇలాంటి చోటే ఆర్విల్ బల్ల గుద్ది "అబద్ధం!" అని అరిచేవాడు. దానికి గార్లండ్ రెట్టింపు అబద్ధంతో జవాబిచ్చేవాడు. ఈసారి ఆర్విల్ తల వంచుకుని, "అవునా," అన్నాడు మెత్తగా.

గార్లండ్ మాత్రం వదల్లేదు.

"ఎంత నున్నగా వచ్చిందంటే, ఒక ఈగ వచ్చి వాలి, జర్రున జారి కింద పడి కాలు విరగ్గొట్టుకుంది. గ్లెన్నాయే పుల్ల పెట్టి కట్టు కట్టింది. కావాలంటే అడగండి."

"గ్లెన్నాగారు చాలా ఓపికైన మనిషండీ," అన్నాడు లానీ. "మీరు కాస్త కాఫీ తాగుతారా, గార్లండ్ గారూ?"

పోయిన ఏడాది దాకా లానీకి అతను 'ముసలోడా'. ఇప్పుడు గారూ, మీరూ. ఆ మర్యాద చూస్తే గ్లెన్నాకి ఒళ్ళు మండింది. బతికున్నవాడిని పటం కట్టి గోడకి తగిలించినట్టుంది. రేపూ, వచ్చే ఏడూ ఇలాగే సాగితే, తన మనిషి మళ్ళీ నోరు మూసుకుంటాడని ఆమె భయం. కాదనేవాడు లేకపోతే గార్లండ్ ఎవరితో మాట్లాడతాడు?

అయినా లోపల ఒకవైపు దేవుడికి దణ్ణాలు పెట్టుకుంటూనే ఉంది. అబద్ధమాడడం పాపమని ప్రతి ఆదివారం చర్చిలో వినే మనిషి, ప్రభువా, ఈయన చేత ఇంకొక్కటి చెప్పించు, ఇంకొక్కటి, అని వేడుకుంటోంది.

"ఇక రంగు," అన్నాడు గార్లండ్. "ఉక్కుకి నీలం ఎక్కించే మందు అందరూ రాస్తారు. నేను రాస్తే ఎలా వచ్చిందో తెలుసా? లోతుకి లోతు, నిగనిగకి నిగనిగ. ఆరబెడదామని పెరట్లో పెట్టాను. పైన ఉత్తరానికి పోతున్న... పోతున్న..."

మాట దొరకలేదు. లానీ నేల చూపులు చూస్తున్నాడు. గ్లెన్నా నాలుక చివరికొచ్చిన మాటని పళ్ళ మధ్య నొక్కిపట్టింది. గార్లండ్ ఎడమ చెయ్యి ఎత్తి రెక్కలా ఆడించాడు. నుదుటి మీద చెమట పట్టింది.

"బాతులు!" అన్నాడు చివరికి, గెలిచినవాడిలా. "నలభై బాతులు! కింద చెరువుందనుకుని బారుగా దిగాయి. ఒకదాని వెనక ఒకటి పిస్తోలు మీద వాలి, ఈత కొడదామని చూసి, సిగ్గుపడి లేచిపోయాయి. ఒకటి మాత్రం రెండు రోజులుంది."

"బాగుందండీ," అన్నాడు లానీ.

"పిడి సంగతి వినండి మరి. మా పెరటి వాల్‌నట్ చెట్టు చెక్క. పచ్చిది. చెక్కి, నూనె పట్టించి, బిగించాను. మార్చి వచ్చేసరికి ఏమైందో తెలుసా? చిగురేసింది. రెండు వారాల్లో కాయలు. ఒక ఉడత వచ్చి కాపురం పెట్టింది. ఇవాళ పొద్దున దాన్ని ఖాళీ చేయించి ఇక్కడికి తెచ్చేసరికి తాతలు దిగొచ్చారు. ఇదంతా ఎవరు చేశారు? నేనే. ఒక్కణ్ణే. గ్లెన్నా నా పని బల్ల దగ్గరికి కూడా రాలేదు."

ఆర్విల్ మెల్లిగా చెయ్యి చాచి పిస్తోలు అందుకున్నాడు. అలవాటు ప్రకారం లోపల ఖాళీగా ఉందని చూసుకుని, జేబులోంచి భూతద్దం తీశాడు. పిస్తోలుని కిటికీ వెలుగుకి పెట్టి అటూ ఇటూ తిప్పుతూ వెనక భాగం దగ్గర ఆగాడు.

గ్లెన్నాకి అతను ఎక్కడ ఆగాడో తెలుసు.

రంగు మందు పూసే ముందు ఉక్కుని జిడ్డు లేకుండా కడుగుతారు. ఆపైన ఒట్టి వేలు తగిలిందా, అక్కడ రంగు పట్టదు, ముద్ర పడిపోతుంది. ఏటా ఇదే బల్ల దగ్గర కొత్తవాళ్ళకి ఈ పాఠం చెప్పి విసిగించేది గార్లండే. చలికాలమంతా వంటింటి బల్ల దగ్గర కూర్చుని గరుకు కాగితం పట్టింది గ్లెన్నా. ఎదురుగా కూర్చుని తల అడ్డంగానో నిలువుగానో ఊపింది అతను. ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం, ఆమె తొడుగులు వేసుకుని ఉక్కు కడిగి, ఒక తొడుగు చిరిగితే తీసి పారేసి కొత్తది వెతుక్కుంటోంది. అప్పుడు వెనకనుంచి వినిపించింది, మూడు నెలల తర్వాత మొదటి మాట.

"నేనైతే... కళ్ళు మూసుకుని... చేసేవాణ్ణి."

పచ్చి అబద్ధం. గ్లెన్నా నవ్విందో ఏడ్చిందో ఆమెకే తెలీదు. పిస్తోలు బల్ల మీదనుంచి జారబోతే ఒట్టి చేత్తో పట్టేసుకుంది. ఆ సంబరంలో మళ్ళీ కడగడం మరిచి మందు పూసేసింది.

"ఒరే అబద్ధాలకోరా!"

బల్ల మీద పడిన పిడికిలికి కప్పులు ఎగిరాయి. ఆర్విల్ లేచి నిలబడ్డాడు. అతని మొహం ఎర్రగా ఉంది.

"ఈగంటే ఊరుకున్నాను. బాతులంటే ఊరుకున్నాను. ఒక్కడివే చేశావా? నీ బొటనవేలు సుత్తంత ఉంటుంది కదరా! మరి ఈ ముద్ర ఇంత చిన్నగా ఉందేం? మధ్యలో ఈ అడ్డగాటేమిటి? ఎవరిదిరా ఈ వేలు?"

అందరూ గ్లెన్నా వైపు చూశారు. బడి వంటగదిలో డబ్బా మూత కోసిన ఆ గాటు ఊరందరికీ తెలుసు, వాళ్ళ పిల్లలంతా ఆ చేతి వంట తిన్నవాళ్ళే. ఆమె బొటనవేలిని గుప్పిట్లో దాచుకుని మొగుడి మొహం చూసింది.

గార్లండ్ మొహంలో ఎడమ సగం ముందు నవ్వింది. కుడి సగం కష్టపడి వెనకాల వచ్చింది.

"నన్ను అబద్ధాలకోరని అనడానికి... ఇంతసేపు పట్టిందా మీకు?"

"నీకు బాగోలేదని ఊరుకున్నానురా."

"ఊరుకుంటే ఎట్లా? ఈగ దగ్గరే ఆపాలి నువ్వు. ఆపకపోతే బాతుల దాకా పోవాల్సొచ్చింది. ఆ మాట దొరికేసరికి ప్రాణం పోయిందిరా నాకు!"

గది గొల్లుమంది. ఆర్విల్ నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నాడు. గార్లండ్ ఎడమ చేత్తో అతని చొక్కా అంచు పట్టుకుని, "థాంక్స్‌రా," అన్నాడు. ఆ మాట మాత్రం ఎక్కడా తడబడలేదు.

"ఇంక చాల్లే ముసలోడా," అన్నాడు లానీ. "సొంత చేతులు కావు. నియమం నియమమే. నిన్ను పోటీలోంచి తీసేస్తున్నా." పిస్తోలు పక్కనున్న చీటీ మీద గార్లండ్ పేరు కొట్టేసి గ్లెన్నా పేరు రాశాడు. ముసలోడా అన్న ఆ పిలుపుకి గ్లెన్నా అతన్ని కౌగిలించుకునేంత సంతోషపడింది.

"ముద్ర పడ్డప్పుడు చెరిపేసి మళ్ళీ రాస్తానందిరా," అన్నాడు గార్లండ్ అందరితో. "నేనే వద్దన్నాను. ఆ పిస్తోలు మీద ఉన్న నిజం అదొక్కటే."

చేతులెత్తి ఓట్లు వేశారు. ముద్ర ఉన్నా సరే అని కొందరు, ముద్ర ఉన్నందుకే అని ఒకరిద్దరు, మొత్తానికి తొడ గ్లెన్నాదే అయింది.

ఇంటికి వెళ్ళేటప్పుడు ట్రక్కు గ్లెన్నాయే నడిపింది. గార్లండ్ ఆ తొడని ఒళ్ళో పెట్టుకుని కాసేపు వాసన చూశాడు.

"పద్దెనిమిదోసారి," అన్నాడు.

"మొదటిసారి," అంది గ్లెన్నా. "నాది."

అతను ఎడమ చేత్తో తొడని ఆమె వైపు జరిపాడు.

"నీదే. నువ్వు లేకపోతే ఈ నోరు లేదు, నేనూ లేను."

నలభై ఆరేళ్ళ అలవాటు కొద్దీ, ఇదీ కోతేనా అని గ్లెన్నా తల తిప్పి అతని మొహంలోకి చూసింది. కాదు. ఆమె గేరు మార్చి, తడిసిన కళ్ళతోనే, జాగ్రత్తగా కొండ మలుపు తిప్పింది.