ఊపిరి తగిలిన కాగితం

కైరోలో ఒక ప్రయోగశాల. ఆమ్లం ఎంతుందో కొలవడానికి మేడ మీద గాలిలోని ధూళిని పట్టి తెచ్చిన వడపోత కాగితం ఉన్న డబ్బా ముందు ఇద్దరు ఆడవాళ్లు.

"నిన్న ఈ డబ్బా మూత తీశావా, అక్కా?"

"తీస్తే ఏం? వగ్దీ సార్ అంతగా పొగిడిన నీ కాగితం ఎలా ఉందో చూశాను. అల్లా మీద ఒట్టు, ముట్టుకోలేదు."

"మేడ మీద దీని పక్కనే పెట్టిన జంట కాగితంలో ఆమ్లం బోలెడుంది. ఇందులో ఆనవాలే లేదు."

"అయితే నీ కొలతే తప్పు. సార్ నన్ను కాదని నిన్ను ట్యూనిస్ సభకి పంపితే ఇంతే మరి!"

"మన ఊపిరిలో అమ్మోనియా ఉంటుంది, అది తగిలితే ఆమ్లం చచ్చిపోతుంది, మాస్కు కట్టుకోమని నాకు నేర్పింది నువ్వే."

"ఒక్కసారి ఊపిరి తగిలితే అంతా పోతుందా?"

"పోదు. దాని మీదకి వంగి ఎంతసేపు నిట్టూర్చావు, అక్కా?"