దద్దుర్లు

సైబర్ టవర్స్‌లో కొత్తగా ఉద్యోగం దొరికిన భర్త, ఆ పొద్దున ఒళ్లంతా దద్దుర్లతో, ఉబ్బిన పెదవులతో వంటింటి గడపలో నిలబడ్డాడు. భార్య బియ్యం ఏరడం ఆపలేదు.

“ఎందుకైందో తెల్వదే. ఊపిరాడ్తలేదు. దవాఖానకు పోదాం.”

“నాటకాలు. పోయిన నెల నాకు గిట్లనే అయితే, నువ్వు గిదే మాటన్నవ్.”

“అప్పుడు ఆఫీసుల పనుండె.”

“నాకిప్పుడు ఇంట్ల పనుంది.”

“తప్పయింది. జర లెవ్వు.”

అతని గొంతు పీలగా వచ్చింది. ఆమెకు భయమేసింది. అయినా ఆ మాట విన్నాక కడుపు చల్లబడింది. గబగబా పోయి ఆటో తెచ్చి ఎక్కించింది.

“నువ్వు రావా?”

“ఆనాడు నేనొక్కదాన్నే పోయిన. నువ్వు గూడ గట్లనే పో.”

డ్రైవర్ని మాత్రం “జల్దీ పోనియ్యన్నా” అని తొందరపెట్టి, ఆమె తలుపేసుకుంది.