బల్ల కాలి కింద అట్ట

1985, వసంతం మొదలు. చూరుల నుంచి మంచు కరిగి కారుతోంది. ఆదివారం చర్చి వదిలాక రోస్విత బీరుశాలలో మా మూల బల్ల దగ్గర ముగ్గురం కూర్చున్నాం: రొట్టెల బట్టీ లోరెంజ్, ఆ ఏడే తపాలా ఉద్యోగం దిగిపోయిన ఎవాల్డ్, బీరు కార్ఖానాలో పీపాలు మోసే నేను. రోస్విత గ్లాసులతో పాటు ఒక కొత్త పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టింది.

అది వెండెలిన్ కోల్బ్ ఆఖరి పుస్తకం. వెండెలిన్ మా ఊరి బడిపంతులు. మరుగుజ్జులతో, మాట్లాడే నదులతో పిల్లల కథలు రాసి దేశమంతా పేరు తెచ్చుకున్నాడు. అప్పటికి పోయి ఏడాది దాటింది.

"పన్నెండో అధ్యాయం అని రాసుంది, కింద అంతా ఖాళీ," అంది రోస్విత. "పీపాలో మరుగుజ్జు బయటికొస్తాడా రాడా అని నా మనవరాలు ఒకటే ఏడుపు. ఆలోయిస్, ఆ కథలన్నీ నీవేనంటావు గదా, నువ్వే చెప్పు."

నన్ను అడగడమే ఆలస్యం.

"చెప్తా. కాని ముందు ఈ బల్ల చూడండి. నిరుటి దాకా ముసలి గుర్రంలా ఊగేది, అవునా? ఇప్పుడు ఊగుతోందా? ఎవడు సరిచేశాడు? నేను! ఆ చేతులే ఇవి. వెండెలిన్ ఇంటి నేలమాళిగ నుంచి నిండు పీపా ఒంటిచేత్తో పైకి తెచ్చాను, పంతులు నోరు తెరిచి, ఎలా మోశావయ్యా అన్నాడు. లోపల ఒక మరుగుజ్జు ఉన్నాడు పంతులూ, సగం వాడే మోస్తాడు అన్నాను. అంతే! పెన్సిలు తీశాడు!"

"పెన్సిలే తీశాడా, నీ కోతలకు దండం పెట్టాడా?" అన్నాడు లోరెంజ్.

"ఆగవయ్యా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ పీపా కోట మెట్ల మీద జారింది, ఊరు దాటింది, మైన్ నదిలో పడింది, నది వెంట రైన్‌లోకి, రైన్ వెంట సముద్రంలోకి పోయింది. నలభై రోజులకు ఏటికి ఎదురీది కార్ఖానా గుమ్మం ముందుకొచ్చి నిలబడింది! మూత తీస్తే బీరులో ఉప్పు, ఉప్పులో హెర్రింగు చేప, చేప నోట్లో నా టోపీ!"

"ఆ టోపీయేనా నీ నెత్తిన?"

"ఇంకేదనుకున్నావు, వాసన చూడు! అది కూడా పుస్తకంలోకెక్కింది. పుస్తకాలు అచ్చువేసేవాడు బెర్లిన్ నుంచి పొడుగాటి కారులో వచ్చి నా కాళ్ళ మీద పడ్డాడు, అయ్యా, మీరు నోరు మూసుకుంటే మా యంత్రాలు ఆగిపోతాయి అని! నేను ఆవలిస్తే ఒక అధ్యాయం, తుమ్మితే రెండు. ఒకసారి ఎక్కిళ్ళు వస్తే పది భాషల్లో ఒకేసారి అచ్చయింది!"

రోస్విత నవ్వు ఆపుకోలేక కుర్చీ పట్టుకుంది. "సరే సరే, ఈ ఖాళీ సంగతి చెప్పు."

అక్కడ ఆగి ఉండవలసింది. నేను ఆగలేదు.

"పోయే ముందు వెండెలిన్ ఆసుపత్రి నుంచి నాకు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు. పోకుండా ఉంటానా? మూడు పగళ్ళు మంచం పక్కన కూర్చుని ఆఖరి అధ్యాయం చెప్పాను. నవ్వుతూ కళ్ళు మూశాడు. అది బయటికి చెప్పకూడదని నాతో ఒట్టు వేయించుకున్నాడు."

ఎవాల్డ్ గ్లాసు పక్కకు జరిపాడు.

"ఉత్తరాలు కాదు ఆలోయిస్, ఒక్కటే. తెచ్చింది నేను."

"నీకేం గుర్తుంటుందిలే."

"బీరు గ్లాసు కింద వేసే అట్ట. వెనక తపాలా బిళ్ళ అంటించి పంపాడు. ఎక్కడికి వెళ్ళినా నీకు అలాగే పంపేవాడుగా. కవరు లేని ఉత్తరం ఏ పోస్టుమాన్ చదవడు? 'ముగింపు నాకు దొరకడం లేదు. వాడు బయటికొస్తాడా? అది నీకే తెలుసు. వారంలోపు రా.' అంతే ఉంది. నీ చేతికిచ్చాను. నువ్వు అటూ ఇటూ తిప్పి చూసి నవ్వావు. పకపకా నవ్వావు. ఊరు కదల్లేదు. ఏడాది పైగా నీ మొహం చూసినప్పుడల్లా నాకు ఆ నవ్వే గుర్తొస్తోంది."

లోరెంజ్ నా వైపు చూడలేదు.

ఆ అట్ట మీద వెండెలిన్ ఒక పీపా బొమ్మ గీశాడు. అతను పంపే అట్టల మీద ఎప్పుడూ ఏదో ఒక బొమ్మ ఉండేది, కింద రాసింది ఏదో ఒక వేళాకోళమే అనుకునేవాణ్ణి. ఎవరైనా చూస్తుంటే నేను నవ్వేవాణ్ణి. కథలు తనే చదివి వినిపించేవాడు కాబట్టి అతనికీ ఎప్పుడూ అనుమానం రాలేదు.

"ఇప్పుడా అట్ట ఏది?" అంది రోస్విత.

నేను వంగి బల్ల కాలు ఎత్తాను. బల్ల ఊగింది, లోరెంజ్ బీరు పుస్తకం మీద ఒలికింది. ఊగకుండా నేను దాని కింద పెట్టిన అట్ట నల్లబడి ఉబ్బింది. ఏడాది పాటు నేల తుడిచిన నీళ్ళకు సిరా అంతా పోయింది. బిళ్ళ మాత్రం మిగిలింది.

"నాకు చదవడం రాదు," అన్నాను. "యుద్ధం అయ్యాక బొహీమియా నుంచి మన భాష మాట్లాడేవాళ్ళందరితో పాటు మమ్మల్నీ తరిమారు. బడికి పోయే వయసు ఆ తిరుగుడులోనే దాటిపోయింది. మళ్ళీ ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు."

ఎవాల్డ్ ఆ అట్టను చేతిలోకి తీసుకున్నాడు. "ఒరే, నాతో అనుంటే గుమ్మంలోనే చదివి పెట్టేవాణ్ణి గదరా," అన్నాడు.

ఆ ఏడు ఆకులు రాలే వేళకు పురపాలక రాత్రి బడిలో చేరాను. మూడు చలికాలాలు పట్టింది. మొదట చదివిన పుస్తకం బీరు మరక పడిన ఆ పుస్తకమే. మరుగుజ్జు బయటికొస్తాడు. పుస్తకంలో లేదు గాని, అది నాకు మొదటి నుంచీ తెలుసు. పుస్తకం నాలుగోసారి అచ్చయింది. పన్నెండో అధ్యాయం కింద ఇప్పటికీ ఖాళీ కాగితమే ఉంది.