చింతపండుకు ఏడ్చిన చెంప

ఓబులేసు కొమ్ము ఊదేటోడు. సుంకులమ్మ జాతరలో ఆయప్ప కొమ్ము ఊదితేనే అమ్మోరు గుడి దాటి బయటికొచ్చేది, తాతల కాడినించి అదే లెక్క. ఏమైందంటే, సీతాఫలాలకని కొండెక్కినాడు, ఎలుగ్గొడ్డు ఎదురొచ్చి కుడిచెంప మీద ఒక్క పెరుకు పెరికిందంట. ఊర్లో పసరు వైద్యుడు చిన్నరంగప్ప ఉండె. చెయ్యి పెట్టి చూసినాడా? లే. పసరు పిండినాడు, గుడ్డ కట్టినాడు, పో అన్నాడు. నెల తిరిగేకి పైన తోలు మూసుకుండె, అయితే నడిమద్దెన సూదిమొనంత బెజ్జం ఉండిపాయ. సంగటి ముద్ద నోట్లో పెట్టుకుంటే చాలు, ఆ బెజ్జంలో నుంచి నీళ్లు బొటబొట కారేవి. తినేది ఆపితే నీళ్లూ ఆగేవి. రంగప్ప ఏమన్నాడంటే, ఇది గాయం కాదప్పా, వీడేదో మైల తిన్నాడు, అమ్మోరు వీని చెంపలో కూచోని ఏడుస్తాంది అన్నాడంట. నాకు తెలీదు అనేకి నోరు రాక అమ్మోరి మీదికి తోసినాడు, అనుకో. ఊరిపెద్ద పెద్దిరెడ్డి ఆ మాట పట్టుకొని, జాతర ఇంకా ఇరవై దినాలుండాది, కొమ్ముకు ఇంకోన్ని చూస్తాం అనె. తాత ఊదిన కొమ్ము, నాయన ఊదిన కొమ్ము. అది చెయ్యి జారిపోతే వాడు ఊర్లో ఎట్ల తలెత్తుకోని తిరుగుతాడు?

అప్పుడు పోయినాడు మంగలి నారెమ్మ కాడికి. నారెమ్మ అంటే మా జేజికి, అదే మా అవ్వకు, అమ్మ. మీరు వేరేగా విని ఉంటే అది తప్పు, నేను చెప్పేదే నిజం. ఆయమ్మ ఊరికే మందు పెట్టే మనిషి కాదు. మొదట యాపపుల్ల ఇచ్చి కొరకమనె. పండ్లకు పండ్లు సరిగా కలిసినాయి, దవడ ఎముక విరగలేదు అనె. దీపం ముందర కూచోబెట్టి, నోరు మూసి బుగ్గ పూరించురా అనె. దీపం కదల్లే. బెజ్జం నోట్లోకి పోలేదు, గాలి పోతాలేదు అనె. మరి నీళ్లు యాడివవ్వా అని వాడడిగె. ఆయమ్మ చింతపండు తెచ్చి వాని కండ్ల ముందర పట్టుకుండె, నోట్లో పెట్టలే, ఊరికే చూపిచ్చె. చూసేకొద్దీ చెంప కారబట్టె. నారెమ్మ నవ్వి, ఏమిరా, అమ్మోరు చింతపండుకు ఏడుస్తాదా, ఇది నీ ఎంగిలిరా, నోట్లోకొచ్చే కాలువ తెగి బయటికి పారుతాంది అనె.

ఇంగ మంగలికత్తి నిప్పులో కాంచి, మానిన చెంపను మళ్లీ కోసింది. వాడు ఓర్చుకున్నాడు. తెగిన కాలువ కాడ నుంచి నోట్లోకి పట్టుదారం దూర్చి, కొస నోట్లోనే ఇడిసి, పైన గుర్రం వెంట్రుకతో కుట్టేసింది. దారం ఉన్నంతసేపు కాలువ లోపలికే దోవ చేసుకుంటాదంట. నమలాకు, మాట్లాడాకు, అంబలి తాగు అనె. పదైదు దినాలకు దారం లాగేసె. పైన ఎండిపాయ, లోపల పారె.

జాతర నాడు వాడు కొమ్ము పట్టుకొని వస్తే పెద్దిరెడ్డి అడ్డం నిలిచె. నారెమ్మ అందరి ముందర వాని నోట్లో చింతపండు పెట్టె. చుక్క రాలే. రంగప్ప తలకాయ వంచుకుండె. అయినా రెడ్డి ఇడిసిపెట్టలే. ఏమే, కారకపోతే మాత్రం, మచ్చ పడిన మొగంతో అమ్మోరి ముందర నిలబడతాడా, అది ఆచారమా అనె. నారెమ్మ కొంగు దోపుకోని, సామీ, చిన్నప్పుడు నీకు అమ్మోరు పోసింది, మొగమంతా మచ్చలే, నేనే కదా యాపాకు పరిచింది, ఆ మొగంతోనే కదా ఏటేటా ముందర నిలబడి టెంకాయ కొట్టేది, నువ్వు పక్కకు జరుగు, వాడూ జరుగుతాడు అనింది. జనమంతా రెడ్డి మొగం చూసిరి. రెడ్డి దోవ ఇడిసె. ఓబులేసు బుగ్గలు పూరించి ఊదినాడు చూడు, కొండకు తగిలి తిరిగొచ్చిందంట ఆ కూత. అమ్మోరు గుడి దాటె.

అంతేనప్పా. రంగప్ప మనవండ్లు ఇప్పటికీ మా తాత పసరుకే మానిందని చెప్పుకుంటాండారు. చెప్పుకోనీ. వాళ్లింట్లో ఎవనికన్నా చెంప చీలితే మా వాకిటికి రావొద్దని నేననను. వచ్చినోడు మాత్రం ముందు నారెమ్మ పేరు చెప్పి, ఆ తర్వాత కూచోవల్ల.