ఒక గడి కిందికి

ల్యాబ్‌లో రిపోర్టులు ఎక్కించే అమ్మాయి పక్క కుర్చీలోని పెద్ద టెక్నీషియన్‌ని మోచేత్తో తట్టింది.

“అక్కా, కొంప మునిగింది. ఎక్సెల్ షీట్‌లో పైనున్న ఖాళీ గడితో సహా ఫలితాలన్నీ కాపీ చేసి పేస్ట్ చేశాను. అన్నీ ఒక గడి కిందికి జారి, ఒకరిది ఇంకొకరికి పడ్డాయి.”

“దానికింత కంగారెందుకే? చెరిపెయ్.”

“చెరిపేశాను. కానీ ఫలితం పడగానే మెసేజ్ పంపే స్క్రిప్ట్ ఉంది కదా, అది నలభై మందికీ పంపేసింది. వెళ్ళిన మెసేజ్ వెనక్కొస్తుందా?”

“ముందు ఆ స్క్రిప్ట్ ఆపు. క్యాన్సర్ తేలినవాళ్ళు ఎంతమంది?”

“ఒక్కావిడే, పన్నెండో వరుస. ‘భయం లేదు’ అని వెళ్ళింది. ఆవిడది పదమూడో ఆయనకి వెళ్ళింది.”

“ఆయన కాళ్ళు నేను పట్టుకుంటాలే. ఆవిడకి ఫోన్ చెయ్.”

“మూడుసార్లు చేశానక్కా. ఎత్తట్లేదు.”

“మళ్ళీ చెయ్యి.”

అమ్మాయి నంబరు నొక్కేలోపే బల్ల మీది ఫోన్ మోగింది. స్పీకర్ నొక్కింది.

“ల్యాబ్ అమ్మాయివేనా? నీ నోట్లో పంచదార పొయ్య! నెల తర్వాత ఇవాళే కడుపునిండా తిని కాస్త కునుకు తీశాను తల్లీ. ఇంతకీ మూడుసార్లు చేశావు, ఎందుకమ్మా?”