ఆరని పాదాలు

అధ్యక్ష స్థానంలో కూర్చున్న మేయర్ సెవస్తోస్ గారికి, పెద్దరికంతో వచ్చిన ఫాదర్ గెర్వాసియోస్ గారికి, తవ్వకాల్లో ముప్పై రెండేళ్లు నాతోపాటు దుమ్ము మింగిన డైరెక్టరమ్మ ఎవాంథియా గారికి, ముందు వరుసలో కూర్చోమంటే వెనక్కి వెళ్లి కూర్చున్న మా వదిన నోమికికి, ఆక్టోపస్ కాలుస్తున్న వాసన తగిలి గంట ముందే హాలు నింపిన మిగతా దీవి జనానికి, ఇవాళ్టితో కాపలా పని దిగిపోతున్న ఈ సకెల్లారిస్ నమస్కారాలు. (నవ్వులు)

మేయర్ గారు నా గురించి చెప్పిన మాటలు వింటుంటే, ఇవి మామూలుగా పోయినవాళ్ల గురించి చెప్పేవి కదా అని ఒకసారి చెయ్యి గిల్లుకున్నాను. నేనింకా ఈ వైపే ఉన్నాను. (నవ్వులు) కానీ మా అన్న మికేస్ ఏ వైపు ఉన్నాడన్నది ఇరవై ఆరేళ్లుగా నేనే తేలనివ్వలేదు. అది తేల్చకుండా పాత చర్చి తాళాలు ఇంకొకరి చేతిలో పెట్టలేను. అందుకని వడ్డన కాసేపు ఆగుతుంది, ఏమీ అనుకోకండి.

మన ఇళ్లల్లో చర్చికి రొట్టెతోపాటు రెండు కాగితాలు పంపుతాం. బతికున్నవాళ్ల పేర్లు ఒకదాని మీద, పోయినవాళ్లవి ఇంకోదాని మీద. ఫాదర్ గారు రెండూ విడివిడిగా చదువుతారు. అవి తారుమారు కాకూడదని మన ఆడవాళ్లు ఎంత భయపడతారో మీకు చెప్పక్కర్లేదు.

నేను కాపలాకి చేరిన రెండో ఏడు, సముద్రం ఒడ్డునున్న ఆ పాత చర్చి శిథిలంలో డైరెక్టరమ్మ రంగురాళ్ల నేల బయటపెట్టారు. పదిహేను వందల ఏళ్ల నాటి నేల. దాని మీద ఆ చర్చి కట్టించిన ఏడుగురి పేర్లు, వాటి కింద 'మా ఆరోగ్యం కోసం' అని. ఇంటికెళ్లి చెబితే మా అమ్మ, పాపం వాళ్లకి ఎవరున్నారురా అని ఆ ఏడు పేర్లూ తన కాగితంలో రాయించింది. బతికున్నవాళ్ల కాగితంలో. అదేమిటమ్మా అంటే, "ఆరోగ్యం కావాలని అడిగినవాళ్లని చచ్చినవాళ్లలో ఎలా రాయమంటావురా? నీకు బుద్ధుందా?" అంది. అప్పటి ఫాదర్ గారికి కళ్లు సరిగ్గా ఆనేవి కావు, ఇచ్చింది ఇచ్చినట్టు చదివేశారు.

చలికాలం ముందు ఆ నేల మీద ఇసుక పరిచి, చెక్కతో చదును చేసి, షెడ్డుకి తాళం వేసి వచ్చేవాణ్ణి. తాళంచెవి నా నడుముకే ఉండేది. ఆ ఈస్టర్ వెళ్లాక తలుపు తీస్తే ఇసుక మీద తడి పాదాలు. ఉత్త కాళ్లు. ఏడు జతలు. గుమ్మం నుంచి మొదలైనవి కావు, నేల మధ్యలోంచి మొదలై బలిపీఠం దాకా వెళ్లాయి. వెనక్కి వచ్చిన గుర్తు లేదు. (హాలులో గుసగుసలు) డైరెక్టరమ్మా, అలా తల అడ్డంగా ఊపకండి. ఉప్పునీరు కిందనుంచి ఊరిందని మీరు అందరికీ చెప్పారు, నిజమే. కానీ 'ఏడు జతలు' అని మీ నోటుబుక్కులో రాసి, తర్వాత గీత కొట్టింది కూడా మీరే.

నాలుగేళ్లకి మా అన్న సముద్రం అడుగున పెరిగే స్పాంజి కోసం మునిగాడు. గాలిగొట్టం ఒక్కటే పైకొచ్చింది. మనిషి దొరకలేదు. శవం చూడందే నా కొడుకు పోయాడనొద్దు అని మా అమ్మ వాడి పేరు ఆ ఏడుగురి కిందే రాయించింది. ఆ వసంతంలో ఎనిమిది జతలున్నాయి. ఎనిమిదో జతలో ఎడమ పాదానికి నాలుగే వేళ్లు. చిన్నప్పుడు లంగరు పడి వాడి చిటికెనవేలు పోయిన సంగతి ఇక్కడ సగం మందికి తెలుసు.

డైరెక్టరమ్మ పడవ రాకముందే చెక్కతో ఆ జత చెరిపేశాను. ఆ తర్వాత ప్రతి ఏడూ అంతే. అమ్మ పోయాక ఆ కాగితం నేనే రాశాను. తప్పని తెలిసే రాశాను. ఏడాదికోసారైనా వస్తాడు కదా అని. నాకు వాడంటే అంత ప్రేమ, ఇందరిలో చెప్పడానికి సిగ్గేం లేదు.

ఆ ప్రేమకి మూల్యం కట్టింది మా వదిన. ఆవిడ నల్లబట్ట కట్టలేదు, పోయినవాళ్లకి పెట్టే గోధుమల నైవేద్యం వండలేదు. లేరోస్ దీవి నుంచి మంచి సంబంధం వస్తే, "మా ఆయన్ని ఇంకా బతికున్నవాళ్లలో చదువుతున్నారు, నేనెలా చేసుకోను?" అని పంపేసింది. పోయిన వసంతంలో నాకు కాఫీ తెచ్చి, నేను చెరిపేలోగా లోపలికి వచ్చింది. చూసింది. అరుస్తుందేమో అనుకున్నాను. వంగి ఆ నాలుగువేళ్ల గుర్తులో అరచెయ్యి పెట్టింది.

"తడిగా ఉంది సకెల్లారీ. ఎంత చల్లగా ఉందో చూడు. ఇరవై ఐదేళ్లయింది, ఈయన ఇంకా ఆరలేదు. ఇదేం ప్రేమయ్యా నీది?" అంది.

 ఆ మాట విన్నాకే ఇవాళ మీ ముందు నోరు విప్పుతున్నాను.

ఫాదర్ గారూ, పోయినవాళ్లని తలుచుకునే ఆ వచ్చే ఆత్మల శనివారం నుంచి మా అన్న పేరు రెండో కాగితంలో చదవండి. నేలమీది ఆ ఏడుగురినీ వాడితోపాటే చదవండి, వాళ్లూ అలిసిపోయి ఉంటారు. వదినా, గోధుమలు నువ్వే ఉడకబెట్టు. నన్ను క్షమిస్తావో లేదో నీ ఇష్టం.

రేపటినుంచి కాపలాకి వచ్చే కల్లియోపీ, ఇవిగో తాళాలు. ఈస్టర్ వెళ్లాక తలుపు తీసినప్పుడు ఇసుక నేను పరిచినట్టే చదునుగా ఉంటే, ముందు వెళ్లి మా వదినకి చెప్పు. నాకు తర్వాత, మెల్లిగా చెప్పు.

ఇంతసేపు ఓపిగ్గా విన్నారు, అందరికీ దణ్ణాలు. సెలవు.